పదిహేడో పేరు

దేవరకొండ బస్టాండు ఎనక సందుల
మూడు గజాల దుకాణం నాది.
గాజులు, రిబ్బన్లు, పిన్నీసుల అట్టలు,
పై అరల క్రీములు, నూనెలు, సబ్బులు.
సగం డబ్బాల మీద ఒక ఆకు ఉంటది.
ఏ చెట్టుదో ఎవ్వరికీ తెల్వదు.
వేప కాదు, తులసి కాదు,
బొమ్మ గీసేటోని చేతిల మొలిచిన ఆకు.

అవుసులోళ్ల కోడల్ని నేను.
మా మామ వీరాచారి
బంగారాన్ని గీటురాయికి రాసి
గీత మీద యాసిడు చుక్కేసి
"నగ నోటితోని చెప్పదు బిడ్డా, గీతతోని చెప్తది" అనేటోడు.
హాల్‌మార్క్ వచ్చినప్పుడు
రెండు దినాలు సరిగ బువ్వ తినలే.
మూడో దినం ఆయనే అన్నడు:
"నా కన్ను ఈ ఊరిదాంకనే.
ముద్ర పొరుగూరికి గూడ పోతది."
ఆయన పోయినంక కొలిమి అమ్మినం, త్రాసు అమ్మినం.
భూతద్దం మాత్రం నా గల్లపెట్టెలనే ఉంది.

మొన్న అంగడినాడు సైదమ్మొచ్చింది.
బత్తాయి తోటల కూలి చేస్తది.
చెంపలు రెండూ కందిపోయి,
నా దగ్గర కొన్న డబ్బానే చేతిల పట్టుకొని,
"నేచురల్ అంటివి గద వదినా?"
అన్న. నేనే అన్న.
డబ్బా ఏమంటే అదే అన్న.

భూతద్దం తీసిన.
గసాల కన్న సన్నపు అక్షరాలు,
ఇంటర్ల ఆగిపోయిన నా ఇంగ్లీషు.
ఎక్కువున్నది ముందు, తక్కువున్నది ఎనక.
బంతిల పెద్దమనుషులు కూసునే వరస కాదిది,
తూకం వరస.
మొదటి పేరు నీళ్లు.
రెండోది మినరల్ ఆయిల్.
ఏలు పెట్టి లెక్కపెట్టుకుంట పోయిన.
డబ్బా ముందర కొమ్మలు చాపిన వేప
ఎనక పదిహేడో పేరు.
దానికన్న ముందే సువాసన కూసుంది.
సువాసన అంటే ఒక్క మాటే,
దాని కొంగు కింద ఎంతమంది ఉన్నరో
జనాభా లెక్కలోళ్లు గూడ రాసుకోలేరు.

మూలకు రెండు డబ్బాలున్నయ్,
ఎనభై రూపాయలెక్కువని ఎవరూ ముట్టనివి.
ఒకదాని మీద గుండ్రటి ముద్ర, కింద నంబరు లేదు.
పక్కన పెట్టిన.
ఇంకోదాని నంబరు ఫోన్ల కొడితే
కంపెనీ పేరొచ్చింది, ఊరొచ్చింది,
ముద్ర గడువు తారీఖొచ్చింది.
లోపల మూడో పేరు: బత్తాయి తొక్క సారం.
ధైర్యంగ చదివి వినిపించిన.

సైదమ్మ మొఖం ఎత్తింది.
"ముద్రేసేటోడు తోటకొచ్చిండా?
మందు కొట్టిన రాత్రి
ముక్కులకెల్లి ఆ వాసన పోదు వదినా.
ముందు తాగేది తొక్కనే గద?"

"వస్తరంట. మట్టి చూస్తరంట,
మందుల రిజిస్టరు అడుగుతరంట."
అంట అన్నప్పుడల్లా
నా నోట్ల ఇసుక పడ్డట్టయింది.

"మా తోటకు రిజిస్టరు నేనే"
అని నవ్వి చేతులు చాపింది.
గోర్ల చుట్టు పసుపు కాని పసుపు.

పాత డబ్బా పైసలు వాపసిచ్చిన.
కొత్తదాంట్ల చిటికెడు తీసి
మోచేతి మడతల రాసిన.
"ముద్ర వాళ్లది, తోలు నీది.
నిమ్మకాయ గూడ చెట్టుకే కాస్తది,
కంట్ల పడితే ఊకుంటదా?
ఒక్క దినం ఆగు. మండకుంటేనే కొను.
రేపు రా."

రాత్రి షట్టరు గుంజే ముందు
అరల డబ్బాలన్నీ ఎనక్కి తిప్పి పెట్టిన,
సన్నపు అక్షరాలు సందు దిక్కు చూసేటట్టు.
దుకాణం ఆకు రాల్చిన మోదుగ లెక్కయింది.
బేరం తగ్గుతదని తెలుసు.
పారేసేటంత ఉన్నదాన్ని కాదు నేను.
అడిగినోళ్లకు అద్దం ఇస్త, చదువుకోమంట.

సైదమ్మ రేపు రాలే.
తోటల మందు కొట్టే దినమంట,
ఎల్లుండొస్తదంట.